వ్యాయామము: బరువులు, యంత్రములు, నడక

మన పట్టణములలో నేడు వీథివీథిని వ్యాయామశాలలు వెలయుచున్నవి. జనులు వానిని జిమ్ములని పిలుతురు. అద్దాల గోడల వెనుక నొకవైపున ఇనుప బరువులు, వేఱొకవైపున తీగలును కప్పీలును గల యంత్రములు, మఱియొకవైపున నిలిచినచోటనే మనుష్యుని నడిపించు పట్టాలు కానవచ్చును. క్రొత్తగా నందు ప్రవేశించిన ప్రతివానికిని నొక సందేహము పుట్టును: ఈ మూటిలో నేది మేలు? బరువు లెత్తువారు నడకను ముసలివారి పని యందురు. నడకవారు బరువులను మోటుపని యందురు. యంత్రముల నమ్మువారు ఆ రెంటి ఫలమును తమ యంత్రమునందే కలదందురు. మిత్రులు కొందఱు మమ్మును ఈ ప్రశ్నయే యడిగిరి. మేము వైద్యులము గాము. కావున చరిత్రను త్రవ్వి ప్రత్యుత్తరము వెదకితిమి. వెదకినకొలది, ప్రశ్నయే తప్పుగా వేయబడినదని మాకు తోచినది. శరీరమునకు కావలసినవి రెండు: కండకు బలము, గుండెకును ఊపిరికిని ఓర్పు. యంత్రము మూడవ ఫలము కాదు. ఆ రెంటిని సంపాదించు సాధనములలో నొకటి మాత్రమే. సాధనమును ఫలమని భ్రమించుటవలన కొందఱికి గొప్ప నష్టము కలుగుచున్నది. ఆ నష్ట మెవ్వరిదో తుదను విన్నవించెదము.

ముందుగా ప్రాచీనుల సంగతి. గ్రీకుదేశమున ఒలింపియా క్షేత్రమునందు 143 కిలోగ్రాముల ఇసుకరాతి గుండొకటి దొరకినది. బైబోన్ అనువాడు ఒంటిచేతితో దానిని తన తలమీదుగా విసరెనని దానిమీదనే చెక్కియున్నది. అది క్రీస్తుపూర్వము 6వ శతాబ్దముదని పండితుల నిర్ణయము. వాడు నిజముగా విసరెనో లేదో చూచినవారము గాము గాని, బరువెత్తి పేరుపొందవలెనను కోరిక యెంత పాతదో ఆ రాయి చాటుచున్నది. క్రీస్తుశకము 2వ శతాబ్దమున రోమునగరమునందు ప్రఖ్యాతి గన్న గేలెను అను వైద్యుడు వేఱొక త్రోవ త్రొక్కెను. ఆయన చిన్న బంతియాటను పొగడుచు నొక చిన్న గ్రంథమే వ్రాసెను. వేటకు గుఱ్ఱములు, కుక్కలు, వలలు కావలెను. ధనమును తీరికయు కావలెను. బంతికి అవి యేవియు నక్కఱలేదు. బీదవానికిని అది యందును. శరీరమంతయు దానివలన కదలును. ఇది ఆయన వాదము. వ్యాయామము యొక్క గుణమును విచారించునపుడు అది యెందఱికి అందునను విషయమునుగూడ విచారింపవలెనని గేలెను నాడే గుర్తించెను. ఈ మాటను చదువరులు మనసున నుంచుకొందురుగాక; ముందుముందు దీనితో పని గలదు.

మన దేశమున సుశ్రుతసంహిత వ్యాయామమునకు కొలత నేర్పఱచినది. తనకుగల బలములో సగము వఱకే వ్యాయామము చేయవలెననియు, మితిమీరినచో అది ప్రాణహాని యనియు ఆ గ్రంథము చెప్పుచున్నది. హృదయమునందలి వాయువు నోటిదాక వచ్చుటయే సగము బలము వ్యయమైనదనుటకు గుఱుతు. వయస్సు, బలము, దేహము, దేశము, కాలము, ఆహారము అన్నియు చూచికొని చేయవలెనని యందే కలదు. అనగా ఒకే కొలత అందఱికిని తగదు. ఎవరి కొలత వారి శరీరములోనే కలదు.

12వ శతాబ్దమున కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసమను సంస్కృతగ్రంథమును రచించెను. తెలంగాణములో పెక్కు భాగములు ఆ వంశమువారి యేలుబడిలో నుండినవి గనుక ఈ గ్రంథము మనకు పరాయిది గాదు. అందు మల్లుర భోజనమును, సాధనయు వర్ణింపబడినవి. మల్లుడు ఇసుకసంచుల మోయవలెను, వేకువజామున నడవవలెను, నీట నీదవలెను. మొదటిది బలమునకు, తక్కిన రెండును ఊపిరికి. బరువా నడకయా అని నేడు మనవారు తగవులాడుచున్నారు. ఆ రెండును ఒక్క మనుష్యుని ఒక్క దినచర్యలో ఇమిడియుండవలెనని తొమ్మిది శతాబ్దములనాడే మన గడ్డపై వ్రాయబడినది.

ఇక తెలుగువారి ఆచారము. గ్రామములందు దండీలు, బస్కీలు, కఱ్ఱసాము, గరిడీ, కుస్తీ మొదలగునవి చిరకాలముగా నుండినవి. సంక్రాంతినాడో, గ్రామదేవత జాతరనాడో సంగిడిరాతి నెత్తిన యువకుని పేరు మఱుసటి యేటిదాక ఊరివారి నోట నానుచుండెడిది. ఈ సాధనలు సాగుచోటికి తాలింఖానా యని పేరు. వీరఘట్టమున 1882లో జన్మించిన కోడి రామమూర్తినాయుడు ఈ సంప్రదాయమునకు శిఖరము. ఱొమ్మునకు బిగించిన ఇనుపగొలుసును ఊపిరి పూరించి తెంచుటయు, ఏనుగును ఱొమ్ముమీదుగా నడిపించుకొనుటయు, మోటారుబండ్లను కదలనీయక పట్టియుంచుటయు ఆయన సర్కసునందు జనులు కన్నులార చూచిరి. ఆయన 1942లో పరమపదించెను. బస్కీలతోపాటు ప్రాణాయామమునందును ఆయన కృషిచేసెనని ప్రసిద్ధి. బలమును ఊపిరిని విడదీయని సాధన ఆయనదియు.

అయినను ఈ సంప్రదాయమునందలి లోపమును దాచుట మాకు ధర్మము గాదు. తాలింఖానాలో పురుషునికే ప్రవేశము. స్త్రీ అచట అడుగిడుట అపచారముగా నెంచబడెడిది. ముసలివాడు గట్టుమీద కూర్చుండి మెచ్చుకొనవలసినదే గాని సాధనలో పాలుగొనుట లేదు. బలము యువకుని సొత్తనియు, అదియు పోటీకొఱకు, ప్రదర్శనముకొఱకు మాత్రమేననియు మనవారు నమ్మిరి. రామమూర్తిని చూచి కరతాళములు చేసిన వేలాది జనులలో ఇంటికిపోయి పది బస్కీలు తీసినవారెందఱో మేము చెప్పజాలము.

పాశ్చాత్యులు మన ముద్గరములను చూచి ఊరకుండలేదు. ఇచ్చటి సైన్యములలో పనిచేసిన ఆంగ్లేయులు మన సిపాయీలు త్రిప్పు ముద్గరములను తమ దేశమునకు గొనిపోయిరి. 1834లో ఇంగ్లండునందు వెలువడిన డొనాల్డు వాకరు వ్యాయామగ్రంథమున ఆ విద్య చేరినది. అటుపిమ్మట అమెరికా పాఠశాలలలో బాలికలుకూడ తేలికయైన ముద్గరములను త్రిప్పిరి. మన తాలింఖానా గడప మన బాలికలు దాటకమునుపే, మన సాధనము పరదేశపు బాలికల చేతికెక్కినది! ఈ సంగతి చదివి మాకు సంతోషమును సిగ్గును ఒక్కసారిగా కలిగినవి.

యంత్రముల కథ ఇంకను విచిత్రమైనది. 1865లో స్వీడను రాజధానియగు స్టాక్‌హోమునందు గుస్తావ్ జాండరు అను వైద్యుడు 27 యంత్రములతో నొక చికిత్సాలయమును తెఱచెను. తులాదండమువంటి కమ్మీమీద బరువును ముందుకు వెనుకకు జరుపుటచేత రోగి పడవలసిన శ్రమను ఔషధమువలె మోతాదు కట్టవచ్చునని ఆయన కనిపెట్టెను. వంగిన వెన్నెముక, బిగిసిన కీలు, పక్షవాతమున చచ్చుబడిన చేయి — ఇట్టివారు ఇనుపగుండును స్వేచ్ఛగా నెత్తలేరు. ఎత్తజాలనివానికి ఊతయై, తప్పుదారి పట్టకుండ గాడిలో నుంచుటయే యంత్రముయొక్క జన్మప్రయోజనము. కాని కాలక్రమమున అది రోగిని విడిచి ధనికుని జేరెను. 1912లో మునిగిపోయిన టైటానిక్ ఓడలో విద్యుచ్ఛక్తితో నడచు కొయ్యగుఱ్ఱమును ఒంటెయు గల వ్యాయామశాల యుండెను. అది మొదటి తరగతి ప్రయాణికులకు మాత్రమే. క్రింది అంతస్తున బొగ్గు త్రోయువానికి వ్యాయామము కొఱతపడలేదు. వానికి కొఱతపడినది విశ్రాంతి.

నిలిచినచోట నడచు సాధనమునకు ఆంగ్లమున ట్రెడ్‌మిల్ అని పేరు. ఈ పేరు వినినంతనే 19వ శతాబ్దపు ఆంగ్లేయునికి ఒడలు జలదరించెడిది. ఏలన, 1818లో విలియం క్యూబిట్ అను ఇంజనీరు ఇంగ్లండునందలి బెరీ సెయింట్ ఎడ్మండ్స్ చెఱసాలలో ఖైదీల శిక్షకై ఒక పెద్ద చక్రమును కల్పించెను. దాని చుట్టును మెట్లుండును. ఖైదీలు వరుసగా నిలిచి, కమ్మిని పట్టుకొని, గంటలకొలది ఆ మెట్లనెక్కుచునే యుండవలెను. ఎక్కినను పైకి పోవుట లేదు. కొన్నిచోట్ల ఆ చక్రము ధాన్యమును విసరెడిది. కొన్నిచోట్ల ఏమియు లేక వట్టి గాలినే విసరెడిది. ప్రసిద్ధ రచయితయగు ఆస్కార్ వైల్డు 1895లో శిక్షపడినపుడు ఆ చక్రపు కష్టమును రుచిచూచెను. 1898 నాటి చట్టము పిమ్మట ఆ శిక్ష అంతరించినది. నేడదే పేరుగల యంత్రముమీద నడచుటకై జనులు రుసుము చెల్లించుచున్నారు!

దీనిని చదివి నవ్వి ఊరకుండుట తగదు. నాటి ఖైదీ కాలికిని నేటి గృహస్థుని కాలికిని పని యించుమించుగా నొక్కటియే. కాని ఖైదీకి కొలత లేదు, విశ్రాంతి లేదు, మానుకొను స్వేచ్ఛ లేదు, తగిన తిండి లేదు. కావుననే ఆ కదలిక వానిని క్రుంగదీసెను. సుశ్రుతుని సగము బలము మాట ఇచ్చట నిజమైనది. చాకిరికిని వ్యాయామమునకును భేదము కదలికలో లేదు. కొలతలోను, విశ్రాంతిలోను, స్వేచ్ఛలోను కలదు.

20వ శతాబ్దము నడుమ శాస్త్రజ్ఞులు ఈ విషయమును లెక్కలతో పరీక్షింపసాగిరి. రెండవ ప్రపంచయుద్ధమున గాయపడిన అమెరికా సైనికులకు వైద్యులు తేలికయైన కదలికలను, విశ్రాంతిని విధించుచుండిరి. షికాగోలోని సైనికాసుపత్రియందు థామస్ డిలోర్మ్ అను యువవైద్యుడు ఇందుకు విరుద్ధముగా నడచెను. ఆయన తాను బాల్యమున కీళ్లవాతజ్వరమున మంచముపట్టి, బరువులెత్తి కోలుకొన్నవాడు. దెబ్బతిన్న కాలికి ఇనుప పాదరక్ష తగిలించి, మొదట కొద్ది బరువుతో నారంభించి, బలము పెరిగినకొలది బరువును పెంచుచు పోయెను. సైనికులు త్వరగా లేచి తిరుగసాగిరి. 1945లో ఆయన ఈ పద్ధతిని ప్రకటించెను. బరువును క్రమముగా పెంచుటయను ఈ సూత్రము నేటికిని బలసాధనకు పునాది. సంగిడిరాతి విద్య ఆసుపత్రిలో ప్రవేశించుట ఇట్లు జరిగినది.

1953లో లండనునందు జెరిమీ మారిస్ అను వైద్యుడును ఆయన తోడివారును రవాణాశాఖలోని సుమారు 31,000 మంది పనివాండ్ర ఆరోగ్యమును పరిశీలించి ప్రకటించిరి. లండను బస్సులకు రెండంతస్తులు. డ్రైవరు దినమెల్ల కూర్చుండును. కండక్టరు టిక్కెట్లకై దినమునకు వందలకొలది మెట్లెక్కి దిగును. ఒకే బస్సు, ఒకే దారి, ఇంచుమించుగా నొకే తరగతి మనుష్యులు. అయినను గుండెజబ్బు కండక్టర్లకంటె డ్రైవర్లకు హెచ్చుగా వచ్చుచుండెను. జబ్బు సోకిన కండక్టర్లకును అది కొంత ఆలస్యముగను, తక్కువ తీవ్రతతోను వచ్చెను. ఉత్తరములు పంచుచు తిరుగు తపాలాబంట్రోతులకును, కూర్చుండి పనిచేయు తపాలాశాఖ ఉద్యోగులకును గూడ ఇట్టి భేదమే కానవచ్చెను. గుండెకు నడక మందని వైద్యలోకము దీనితో తలయొగ్గి వినసాగెను. 1963లో రాబర్ట్ బ్రూస్ అను అమెరికా వైద్యుడు గుండె నోర్పును క్రమముగా పరీక్షించుటకు నడక యంత్రము నుపయోగించు పద్ధతిని ప్రకటించెను. ఖైదీల చక్రపు పేరుగల సాధనము ఇట్లు ఆసుపత్రి కెక్కెను. 1968లో కెనెత్ కూపర్ అను వైమానికదళ వైద్యుడు ఏరోబిక్స్ అను గ్రంథమును వెలువరింపగా పరుగును నడకయు ప్రపంచమంతట వ్యాపించినవి. 1970లో ఆర్థర్ జోన్స్ నాటిలస్ అను బరువు యంత్రమును అమ్మకమునకు తెచ్చెను. కండ లాగుచోట బలము మాఱునట్లే యంత్రపు భారమును మాఱుటకై ఆయన అమర్చిన చక్రము నత్తగుల్లవలె నుండుటచేత దాని కాపేరు వచ్చినది. నేటి జిమ్ములోని మూడు మూలలును ఇట్లు మూడు దారుల వచ్చి యొక పైకప్పు క్రింద చేరినవి.

ఇప్పుడు మేము మొదట చెప్పిన నష్టమును గూర్చి విన్నవించెదము. మా బంధువులలో ఒకానొక ఇంట నడక యంత్రమును కొనిరి. కొన్ని వారములు గృహస్థుడు నడచెను. పిమ్మట దానిమీద తడిబట్టల నారవేయుచు వచ్చిరి. ఆ ఇంటనే ఆయన తల్లి, డెబ్బదియేండ్లు దాటిన వృద్ధురాలు, పూజకై నేల కూర్చుండినచో ఒకరు చేయి యందిచ్చినగాని లేవలేకుండెను. ఆమెకు వ్యాయామము కావలెనను ఆలోచన ఆ ఇంట ఎవ్వరికిని కలుగలేదు. ఒకనాడామె పడినది. దైవవశమున ఎముక విఱుగలేదు. చూడవచ్చిన వైద్యుడు మందులకంటె ముందుగా, గట్టి కుర్చీమీదనుండి చేతుల ఊత తగ్గించుకొనుచు లేచుట దినమునకు కొన్నిమాఱులు చేయుడని చెప్పెను. ఆ ముసలమ్మ నవ్వి, ఈ వయసున బస్కీలా నాయనా, అనినది. అయినను చేసినది. కొన్ని నెలలకు దేవుని పటము ముందునుండి తనంతట తానే లేచి నిలువబడినది. ఆ నాడామె ముఖమున చూచిన వెలుగు మేమే పోటీవిజేత ముఖమునను చూడలేదు.

ఇది ఒక ఇంటి ముచ్చటయని కొట్టివేయ వలదు. 1990లో అమెరికాలోని బోస్టనునందు మరియా ఫియాటరోన్ అను వైద్యురాలును ఆమె తోడివారును ఒక వృద్ధాశ్రమములోని పదిమందిచే ఎనిమిది వారములు కాళ్లకు బరువుల సాధన చేయించిరి. వారి సగటు వయస్సు 90 ఏండ్లు. తొడకండల బలము సగటున 174 శాతము వృద్ధినొందెను. ఇద్దఱు చేతికఱ్ఱను విడిచి నడచిరి. ఇచ్చట వాడిన సాధనము కప్పీతో బరువు నెత్తునదియే. జాండరు యంత్రము తన జన్మప్రయోజనమును మరల నెఱవేర్చినదని చెప్పవచ్చును. ప్రపంచారోగ్యసంస్థ 2020లో ప్రకటించిన సూచనలలో పెద్దలు వారమునకు 150 మొదలు 300 నిమిషముల వఱకు మధ్యరకపు శ్రమగల నడకవంటిదియు, కనీసము రెండు దినములు కండబలమునకు తగిన సాధనయు చేయవలెనని కలదు. 65 ఏండ్లు దాటినవారు వీనికితోడు తూలిపడకుండ నిలుకడ నిచ్చు సాధనను గూడ వారమునకు మూడు దినములు చేయవలెను. చూడుడు: అందు బలమునకును ఊపిరికిని వేఱువేఱుగా పద్దులు గలవు, యంత్రమునకు పద్దు లేదు.

మన ఇండ్లలో స్త్రీలకు ఇంటిపనియే వ్యాయామమని పెద్దలు చెప్పెడి మాట కలదు. ఒకప్పుడు మన స్త్రీలు వడ్లు దంచిరి, తిరుగలి విసరిరి, బావులనుండి నీళ్లు తోడి బిందెలు మోసిరి. ఆ పని తక్కువది కాదు. కాని పురిటిలో లేచినది మొదలు, ఆకలిగానున్నను జ్వరముగానున్నను, కొలతయు విశ్రాంతియు లేక చేయవలసివచ్చిన ఆ చాకిరి ఖైదీ చక్రమునకు చుట్టమే గాని వ్యాయామము గాదు. నేడు మరమిల్లులును మిక్సీలును వచ్చి రోకటిపోటు తప్పినది, అది మంచిదే. అయితే చాకిరి తగ్గినచోట సాధన వచ్చి చేరలేదు. తల్లులు కూర్చుండి పనిచేయుచున్నారు. వారి కండ కరగుచున్నది. కండయే నెత్తుటిలోని చక్కెరను హెచ్చుగా గ్రహించు తావు గనుక మధుమేహమునకు ద్వారము తెఱచుకొనుచున్నది. కొడుకు జిమ్మునకు రుసుము చెల్లించు ఇంటిలోనే తల్లి మోకాళ్లు పట్టుకొని మెట్లెక్కుచున్నది.

బరువులు స్త్రీకి తగవను మాటకు ప్రత్యుత్తరము రామమూర్తి పుట్టిన శ్రీకాకుళపు సీమనుండియే వచ్చినది. 2000 సంవత్సరమున సిడ్నీలో ఒలింపిక్సునందు మొదటిసారిగా స్త్రీలకు బరువులెత్తు పోటీ నేర్పఱుపబడెను. ఆమదాలవలస ప్రాంతపు పడుచు కరణం మల్లీశ్వరి 110, 130 కిలోగ్రాములు, మొత్తము 240 కిలోగ్రాములెత్తి కాంస్యపతకమును గెలిచెను. ఒలింపిక్స్ పతకమును గెలిచిన భారతస్త్రీలలో ఆమెయే మొదటిది. ఏ తాలింఖానా గడప స్త్రీకి మూయబడెనో ఆ విద్యయందే తెలుగు స్త్రీ దేశమునకు గౌరవము తెచ్చినది. అందఱును 130 కిలోగ్రాములెత్త నక్కఱలేదు. పది కిలోగ్రాముల బియ్యపుసంచిని నడుము పట్టకుండ నెత్తగల తల్లి మన కోరిక.

కావున మాకు తోచిన ప్రత్యుత్తరమిది. నడువుడు, ఆరుబయట నడచుటకు త్రోవ యున్నచో యంత్రముతో పనిలేదు, త్రోవ లేనిచో, ఎండగానున్నచో, స్త్రీలకు వీథిని నడచుట దుస్సహముగానున్నచో యంత్రముమీద నడచుటలో తప్పేమియు లేదు. వారమునకు రెండుమాఱులు కండకు పనిపెట్టుడు. బస్కీలు, గోడకు చేతులానించి తీయు దండీలు, ఇసుకసంచి ఇవియే చాలును. స్వేచ్ఛగా బరువెత్తుటకు భయమున్నను, కీలునొప్పియున్నను గాడిలో నడచు యంత్రము మేలు. కొలతను సుశ్రుతుడు చెప్పినట్లు మీ ఊపిరినే యడుగుడు. గుండెజబ్బును, హెచ్చు రక్తపుపోటును గలవారు ముందుగా వైద్యుని సలహా పొందవలెను.

మఱియొక్క మాట. ఈ వ్యాసము చదివినవారు తమ ఇంట నేల కూర్చుండిన పెద్దవారిని రేపు ఒకసారి గమనింతురుగాక. లేచునపుడు వారి చేయి దేనికై వెదకుచున్నదో చూతురుగాక. వారి చేతి క్రింద నేడొక గట్టి కుర్చీ నుంచి, లేచుట నేర్పినచో, రేపు వారికి మన చేయి అక్కఱలేకుండును. మన తాలింఖానా తలుపులు తెఱువవలసినది మొదట వారికే.